గుడి మైకునకు టెలిఫోను కలుపుట : హన్నా ప్రార్థననుండి ఒక పాఠము

చదువవలసిన భాగములు : 1 సమూయేలు 1:9–18, మార్కు 2:1–12, 1 కొరింథీయులకు 14:6–12, యాకోబు 1:19.



షిలోహు మందిర ద్వారమునొద్ద ఏలీ యాజకుడు కూర్చుండియుండగా హన్నా మనోదుఃఖముతో ప్రార్థన చేయుచుండెను. ఆమె పెదవులు కదలుట ఏలీకి కనబడెను. ఆమె మాట మాత్రము అతని చెవిని పడలేదు. అంతట ఆ వృద్ధుడు ఆమె త్రాగి మత్తురాలైనదని తలంచి గద్దించెను. ఏలీ దుర్మార్గుడు కాడు. ఆమెయెడల పగ గలవాడును కాడు. అయినను తాను వినని దానినిబట్టి తీర్పు తీర్చెను. లోపము ఆమె హృదయములో లేదు. ఆమెకును అతనికిని మధ్య మాట సాగలేదు, అంతే.

ఈ నెల మన పాఠము గుడిలోను, సభ గదిలోను ఉన్న మైకు సెట్టునకు టెలిఫోనును కలుపుటను గూర్చినది. "అయ్యగారికి ఈ వైర్ల గొడవ ఎందుకు?" అని మీలో కొందరు అనుకొందురు. మంచముమీదనుండి లేవలేని తల్లులు, బ్రతుకుతెరువుకై హైదరాబాదునకో గల్ఫు దేశములకో వెళ్లిన కుమారులు నేడు మన సంఘములలో అనేకులు. వారి మాట సంఘములోనికి వచ్చు దారి ఈ తీగెయే. ఆ దారి సరిగా లేనియెడల మనమును ఏలీవలె తప్పు తీర్పు తీర్చుదుము. మేము అట్లు తీర్చితిమి గనుకనే ఇది వ్రాయుచున్నాను.

1. మా గదిలో జరిగిన సంగతి

మా పాస్టరేటు కమిటీలో ఒక వృద్ధ సహోదరి సభ్యురాలు. ఆమె అనేక సంవత్సరములు బైబిలు స్త్రీగా ఊరూర నడచి పరిచర్య చేసినది. తుంటి ఎముక విరిగి మంచము పట్టిన తరువాత కూడ స్త్రీల సమాజమువారు ఆమెనే కమిటీకి ఎన్నుకొనిరి. ఆమె ఇంటనుండియే సెల్ ఫోనులో సభకు రావలెనని తీర్మానించితిమి.

గుడి ప్రక్క గదిలో బల్లమీద రెండు మైకులు, గోడకు రెండు సౌండ్ బాక్సులు, ఒక చిన్న మిక్సరు ఉన్నవి. మైకు సెట్టు పని తెలిసిన ఒకరిని పిలిపించి ఫోను కలిపించితిమి. ఆయన ఫోనునుండి మిక్సరునకు ఒక వైరు, మిక్సరునుండి ఫోనునకు ఒక వైరు వేసెను. సహోదరి "స్తోత్రమండి" అనగా గదియంతయు వినబడెను. మేము సంతోషించి ఆయనను పంపివేసితిమి. ఆమె చెవికి ఏమి వినబడుచున్నదో మాలో ఒక్కరమును అడుగలేదు.

2022 వర్షాకాలములో జరిగిన సభలో సమాధుల తోటలో ఒక మూలను ఇటుకల బట్టీకి కౌలుకిచ్చు విషయము వచ్చెను. ఆ మూలను పూర్వము ఎవరిని పాతిపెట్టిరో ఆ సహోదరికి తప్ప మరెవ్వరికిని తెలియదు. ఆమె మాట మొదలుపెట్టి తడబడెను. అన్నమాటనే మరల అని, నడుమ ఆగిపోయెను. పెద్దలలో ఒకరు, "పెద్దమ్మగారికి మతి నిలవడం లేదు, పోనివ్వండి" అనిరి. మేమును తలలూపి తరువాతి విషయమునకు పోతిమి. ఆమె స్థానములో మరియొకరిని తీసికొనవలెనను మాట కూడ ఆనాడే పుట్టెను.

ఆ సాయంకాలము ప్రార్థనకై ఆమె ఇంటికి వెళ్లితిని. ప్రక్కన కూర్చుండి మాటలాడగా ఆమె తేటగా మాటలాడెను. నేను ఆశ్చర్యపడి అడుగగా ఆమె ఇట్లనెను: "అయ్యగారండీ, నేనొక మాటంటే ఆ మాటే మళ్లీ నా చెవిలో పడతందండి. ఎవరో నన్ను ఎక్కిరిస్తన్నారనుకున్నాను. పెద్దలు నన్ననుకున్నదీ విన్నానండి."

ప్రియులారా, ఆ మాట నాకు కొరడా దెబ్బవలె తగిలెను. ఆమె నాలుకలో తప్పు లేదు. మేము వేయించిన వైరులో తప్పున్నది.

మాట్లాడువాని మాట సుమారు 5వ వంతు సెకను ఆలస్యముగా వాని చెవికే తిరిగి వచ్చినయెడల, ఎంత ఆరోగ్యవంతుడైనను తడబడును, నత్తిగా పలుకును, ఆగిపోవును. అమెరికాలో బెర్నార్డ్ లీ అనునాయన 1950లోనే దీనిని ప్రకటించెను. మేము నిండు సభలో ఆ వృద్ధురాలికి ఇట్టి శోధన కలిగించి, ఆమెకే మతిలేదంటిమి.

2. వినుట పాతది, మాటలాడుట కష్టమైనది

టెలిఫోను తీగెమీద ఆరాధన వినుట క్రొత్త సంగతి కాదు. 1876లో టెలిఫోనుకు పేటెంటు పొందిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ చెవిటివారికి బోధించు ఉపాధ్యాయుడు. ఆయన తల్లియు భార్యయు వినికిడి లేనివారే. 1881లో పారిసు ప్రదర్శనలో క్లెమాఁ అదేర్ అను ఇంజనీరు నాటకశాల పాటను టెలిఫోను తీగెలమీద దూరమున నున్నవారికి వినిపించెను. 1895 మొదలుకొని లండనులో ఎలెక్ట్రోఫోన్ అను ఏర్పాటు వలన చందాదారులు ఇంట కూర్చుండి ఆరాధనలు కూడ వినిరి. మన దేశమున 2020 మార్చి 25న లాక్‌డౌను మొదలై గుడి తలుపులు మూయబడినప్పుడు, మన గ్రామములలో కూడ అనేకులు ఫోను కాన్ఫరెన్సులో కూడుకొని ప్రార్థించిరి.

అయితే పారిసు, లండను ఏర్పాట్లలో మాట ఒక్క వైపునకే పోయెను. విను వారు తిరిగి పలుకుటకు వీలులేదు. వినుట మాత్రమే అయిన యెడల పని సులువు. ఇంటనున్నవారు సంఘముతో మాటలాడవలెనన్నప్పుడే కష్టము వచ్చును. ఏలయనగా అప్పుడు రెండు మాటలు ఎదురెదురుగా నడువవలెను.

పాత ల్యాండ్‌లైనులో ఒకే జత తీగెలమీద పోవు మాటయు వచ్చు మాటయు కలిసి నడుచును. ఒంటెద్దు బండి దారిలో రెండు బండ్లు ఎదురైనట్టు అవి అచ్చట కలిసియుండును. ఆ తీగెలను నేరుగా మిక్సరునకు కలిపినయెడల, దూరమున నున్నవారి మాటతోపాటు మనము పంపిన మాట కూడ తిరిగి వచ్చి బాక్సులలో వినబడి, మైకులో పడి, మరల తీగెలోనికి పోయి, సెట్టు కూత పెట్టును. దీనిని విడదీయు పెట్టెను హైబ్రిడ్ అందురు. మనము పంపుచున్న మాట ఎంతయో ఆ పెట్టెకు తెలియును గనుక, తీగెమీదనున్న మొత్తములోనుండి దానిని తీసివేసి, వచ్చిన మాటను మాత్రము మిక్సరునకు ఇచ్చును. పాత హైబ్రిడ్లలో ట్రాన్స్‌ఫార్మరుండును. లైను నిరోధము 600 ఓములని తలంచి దానికి సరిచూతురు. ప్రతి లైను ఒకే విధముగా నుండదు గనుక కొంత మాట మిగిలి తిరిగి వచ్చును. డిజిటల్ హైబ్రిడ్ లైనునుబట్టి తన్ను తానే సరిచేసికొనును.

సెల్ ఫోనులోనైతే పోవు మాటకు ఒక దారి, వచ్చు మాటకు ఒక దారి ముందే వేరుగా నున్నవి. కావున సెల్ ఫోనునకు ఈ విడదీయు పెట్టె అక్కరలేదు. శబ్దపు బలమును సరిచేసి, రెండు సెట్ల కరెంటును వేరుచేయు చిన్న ఇంటర్‌ఫేసు చాలును. అయితే నేడు ఫైబరు లైనుతో వచ్చు పెట్టెకు మామూలు టెలిఫోను తగిలించినయెడల, అచ్చట మరల రెండు తీగెల దారియే గనుక హైబ్రిడ్ కావలెను.

3. ఆమె మాట తప్ప తక్కినదంతయు

ఈ పాఠములో ఒక్క సంగతి మాత్రము జ్ఞాపకముంచుకొనువారు దీనిని ఉంచుకొనుడి: ఇంటనున్న సహోదరికి గదిలోని ప్రతి మాటయు పంపవలెను, ఆమె మాటను మాత్రము పంపరాదు. మైకు పని తెలిసినవారు దీనిని మిక్స్ మైనస్ అందురు. మొత్తములోనుండి ఒకరి స్వరము తీసివేసి ఆ ఒకరికే పంపుట అని దాని భావము.

మా గదిలో జరిగిన తప్పు ఇదియే. మిక్సరులో మెయిన్ అవుటు అను చోటనుండి వైరు తీసి ఫోనునకు ఇచ్చిరి. మెయిన్ అవుటులో మైకులన్నియు, ఫోనునుండి వచ్చిన ఆమె మాటయు, సమస్తము కలిసియుండును. కాబట్టి ఆమె పలికిన ప్రతి మాట మా మిక్సరులో ఒక చుట్టు తిరిగి, సెల్ ఫోను ఆలస్యముతో ఆమె చెవికే చేరెను.

దీనికి విరుగుడు పైసా ఖర్చు లేనిది. సామాన్యముగా మిక్సరుమీద ప్రతి వరుసకును ఆక్స్ అను నాబ్ ఒకటుండును. ఫోనునకు పోవు వైరును మెయిన్ అవుటునుండి తీసి ఆక్స్ అవుటునకు పెట్టవలెను. తరువాత మైకుల వరుసలన్నిటిలో ఆక్స్ నాబు పెంచవలెను. ఫోను వచ్చు వరుసలో మాత్రము ఆక్స్ నాబును పూర్తిగా సున్నకు త్రిప్పవలెను. ఆ నాబుమీద ఎఱ్ఱ టేపు అంటించి, "దీనిని ముట్టరాదు" అని వ్రాయుడి. ఆక్స్‌ను ఫేడరుకు ముందు, తరువాత అని ఎన్నుకొను మీట ఉన్నయెడల "తరువాత" అను దానిని ఎన్నుకొనుడి. అప్పుడు గదిలో మైకు ఫేడరు దించినయెడల ఇంటికి పోవు మాట కూడ ఆగును.

పరిసయ్యుడు దేవాలయములో ప్రార్థించిన విధమును లూకా 18వ అధ్యాయములో చదువుచున్నాము. అతని ప్రార్థన తన మంచితనమును తానే వినిపించుకొనుటయై యుండెను. తన స్వరమే తనకు తిరిగి వచ్చువాడు ఇతరుల మాట వినలేడు. ఆ సహోదరి ఇష్టములేకయే ఆ స్థితిలో పెట్టబడినది. మనలో కొందరము ఇష్టపడియే అచ్చట నిలిచియున్నాము.

4. అమర్చు విధము

మొదట వస్తువులు. సెల్ ఫోనునకు హెడ్‌ఫోను రంధ్రమున్నయెడల నాలుగు వలయముల ప్లగ్గు గల ఇంటర్‌ఫేసు వైరు కావలెను. అందులో రెండు చెవులకు, ఒకటి భూమికి, ఒకటి మైకునకు. భూమి, మైకు స్థానములు తారుమారైన రకము కూడ కలదు గనుక మీ ఫోనునకు సరిపడునది అడిగి కొనుడి. ఇప్పటి ఫోనులలో అనేకమునకు ఆ రంధ్రము లేదు. వాటికి తగిన అడాప్టరు గాని, కాల్ మాటలను రెండు వైపుల నడుపు బ్లూటూత్ ఇంటర్‌ఫేసు గాని కావలెను. పాటలు వినుటకు మాత్రమే చేసిన బ్లూటూత్ పెట్టె ఈ పనికి రాదు.

రెండవది, బలము. మిక్సరునుండి వచ్చు శబ్దము ఒక వోల్టునకు అటునిటుగా నుండును. ఫోను మైకు కోరునది వోల్టులో కొన్ని వేయవ వంతులు మాత్రమే. నేరుగా ఇచ్చినయెడల మాట పగిలి గరగరలాడును. ఇంటర్‌ఫేసు ఆ బలమును సుమారు 40 డెసిబెల్సు, అనగా వోల్టులో 100వ వంతునకు తగ్గించవలెను. మరియు ఫోను తన మైకు తీగెమీద కొంచెము కరెంటు నిలిపియుంచును. అది మిక్సరులోనికి పోకుండ ఇంటర్‌ఫేసులో ట్రాన్స్‌ఫార్మరు గాని కెపాసిటరు గాని ఉండవలెను. ట్రాన్స్‌ఫార్మరు గలది మేలు. అది 50 హెర్ట్జుల గుర్రుమను శబ్దమును కూడ చాలవరకు ఆపును. ఛార్జరు పెట్టినప్పుడే గుర్రుమన్నయెడల, ఫోనును ముందుగా నిండ ఛార్జి చేసి, సభలో ఛార్జరు తీసివేయుడి.

మూడవది, ల్యాండ్‌లైనునకు హైబ్రిడ్ కలుపు విధము. గోడనుండి వచ్చు లైను హైబ్రిడ్‌లో లైను అని వ్రాసిన చోటను, టెలిఫోను సెట్టు దాని ప్రక్క చోటను పెట్టవలెను. హైబ్రిడ్‌నుండి వచ్చు మాట మిక్సరులో లైను ఇన్‌పుట్టునకు, మిక్సరు ఆక్స్ అవుటు హైబ్రిడ్‌లో పంపు చోటికి పోవలెను. లైనుమీద సుమారు 48 వోల్టులు నిలిచియుండును. గంట మ్రోగునప్పుడు 75 వోల్టులు దాటవచ్చును. కావున విప్పిన తీగెలను చేత పట్టరాదు. ఉరుములు మెరుపులు వచ్చునప్పుడు లైను ప్లగ్గు తీసివేయుడి. టెలికాం శాఖవారి ఆమోదము గల పెట్టెలనే లైనునకు కలుపుడి.

నాలుగవది, బాక్సుల స్థానము. వైర్లు సరిచేసినను ఇంకొక దారిన ఆమె మాట ఆమెకే పోవచ్చును. బాక్సులో వచ్చిన ఆమె మాట గాలిలో నడచి బల్లమీది మైకులో పడును. కాబట్టి బాక్సులు మైకుల వెనుకవైపున ఉండవలెను. మనము సామాన్యముగా వాడు మైకునకు వెనుక వినికిడి తక్కువ. మైకు నోటికి దగ్గరగా నుండవలెను. తెరచిన మైకులు ఎన్ని తక్కువైన అంత మేలు. మైకుల సంఖ్య రెట్టింపైనప్పుడెల్ల, కూత రాకుండ పెంచగలిగిన శబ్దములో 3 డెసిబెల్సు పోవును. పండ్రెండుమంది పెద్దలకు పండ్రెండు మైకులు పెట్టి అన్నియు తెరచియుంచుట గొప్ప కాదు, చేటు.

పట్టణములలోని కాన్ఫరెన్సు గదులలో దీనికై ఎకో క్యాన్సిలరు గల పెట్టె ఉండును. 1960ల దశకములో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఈ ఉపాయము కనుగొనబడెను. బాక్సునకు ఏ శబ్దము పోవుచున్నదో అది విని, మైకులో తిరిగి వచ్చుదానిలోనుండి దానిని తీసివేయును. అయితే మైకు జరిపినప్పుడు గాని, ఆంప్లిఫయరు శబ్దము మార్చినప్పుడు గాని అది మరల నేర్చుకొనవలెను. గనుక సభ నడుమ వాటిని కదల్చరాదు. ఆ పెట్టె కొనలేని సంఘములు విచారపడనక్కరలేదు. మైకులు తక్కువ, బాక్సుల శబ్దము మితము, ఒకరి తరువాత ఒకరు మాటలాడుట, ఈ మూడును పాటించినయెడల చిన్న గదిలో పని జరుగును.

5. పరీక్షించి నడుపు విధము

పరీక్ష ఆదివారము ఉదయము గాక శనివారము సాయంకాలము చేయుడి. ఒక యౌవనస్థుని ఫోనుతో గుడికి దూరముగా పంపుడి. గది శబ్దము అతని చెవికి నేరుగా చేరనంత దూరముండవలెను. పరీక్ష చేయువాడు అతడే, మిక్సరునొద్ద కూర్చున్నవాడు కాదు.

మొదట ఆక్స్ అంతయు దించి, బోధకుడు సామాన్య స్వరముతో మాటలాడుచుండగా మెల్లగా పెంచుడి. దూరమున నున్నవాడు "తేటగా నున్నది" అన్నచోట ఆపుడి, పగిలినదన్నయెడల తగ్గించుడి. తరువాత అతడు మాటలాడగా, గదిలో ఒక మనిషి ఎదుట నిలిచి పలికినంత మాత్రము వినబడునట్లు ఫోను ఫేడరు పెంచుడి. పాత టెలిఫోను లైనులో మాట 300 నుండి 3,400 హెర్ట్జులలోపుననే నడుచును. దానికి క్రింద వచ్చునది గుర్రు, పైన వచ్చునది బుస. కావున ఆ వరుసలో లో కట్ మీట నొక్కి, ట్రెబులు పెంచక వదలుడి. నేటి నాలుగవ తరము సెల్ కాల్‌లలో ఇంతకంటె విశాలమైన స్వరము రావచ్చును.

ఇప్పుడు ముఖ్య పరీక్ష. అతనిని ఒకటినుండి ఇరువదివరకు లెక్కించుమనుడి. "నీ లెక్క నీకు తిరిగి వినబడుచున్నదా?" అని అడుగుడి. వినబడుచున్నదన్నయెడల ఆంప్లిఫయరును ఆపి మరల లెక్కింపనిండు. బాక్సులు మూగబోయినను అతని మాట అతనికి వచ్చుచున్నయెడల తప్పు వైర్లలోనో ఆక్స్ నాబులోనో ఉన్నది. బాక్సులు ఆగగానే అదియు ఆగినయెడల తప్పు బాక్సునుండి మైకునకు పోవు గాలి దారిలో ఉన్నది. ఈ ఒక్క పరీక్ష మేము ముందుగా చేసియుండినయెడల ఆ తల్లి అవమానపడియుండదు.

నడుపునప్పుడు జ్ఞాపకముంచుకొనవలసిన సంగతులు ఇవి:

(1) సెల్ ఫోనులో మాట కొంత ఆలస్యముగా చేరును. ప్రశ్న అడిగి రెండు శ్వాసలంతసేపు ఆగుడి. జవాబు రాలేదని మరియొక ప్రశ్న అడుగరాదు. వినుటకు వేగిరపడి మాటలాడుటకు నిదానింపవలెనని యాకోబు చెప్పినది ఇచ్చట అక్షరాల పనికివచ్చును.

(2) సంఘము పాడునప్పుడు ఫోను ఫేడరు దించుడి. ఇంటనున్నవారు మనతో కలిసి పాడినను ఆ పాట ఆలస్యముగా వచ్చి తాళము చెడగొట్టును. ఫోనులు మాటకై చేయబడినవి గనుక తబలా, కీబోర్డు శబ్దములను గోలయని తలంచి కత్తిరించును. పాట తెగిపోవుచున్నదని ఇంటివారు చెప్పినయెడల అది మీ తప్పు కాదని తెలిసికొనుడి.

(3) సెల్ కంపెనీ కాన్ఫరెన్సు కాల్‌లో సామాన్యముగా ఒక ఫోనునుండి 5గురిని కలుపవచ్చును. ప్రతి ఇంటి కోడికూత, దగ్గు, టీవీ మోత కలిసి వచ్చును గనుక, మాటలాడనివారు తమ ఫోనును మ్యూట్ చేయునట్లు ముందుగా నేర్పుడి.

(4) ఆ ఫోనును మైకు వైర్లకు దూరముగా ఉంచుడి. దగ్గరనున్నయెడల టకటకమను శబ్దము వచ్చును. వేరొక కాల్, మెసేజి గంటలు మ్రోగకుండ చేయుడి. సభకు వాడు ఫోను కాపరి సొంత ఫోను కాకుండుట మేలు.

(5) రాగి తీగెల పాత లైనునకు ఎక్స్ఛేంజినుండియే కరెంటు వచ్చెడిది. ఫైబరు పెట్టెకును, ఇంటర్‌ఫేసునకును, మిక్సరునకును ఇంటి కరెంటు కావలెను. కావున వాటిని ఇన్వర్టరుమీద పెట్టుడి.

6. లైను తెరచియున్నప్పుడు మన బాధ్యత

మైకు కూత అందరికిని వినబడును. ఇంతకంటె పెద్ద ప్రమాదము చప్పుడు లేకుండ వచ్చును. లైను తెరచియున్న సంగతి మరచి మాటలాడుటయే అది. మా పెద్దలలో ఒకరు పలికిన మాట ఆ సహోదరి గుండెను గుచ్చినది ఈ మరపు వలననే. కాబట్టి సభ మొదట అధ్యక్షుడు, "లైను తెరచియున్నది, ఫలానివారు వినుచున్నారు" అని పేర్లు చదువవలెను. మిక్సరునొద్ద ఒక చిన్న ఎఱ్ఱ దీపము పెట్టుట మంచిది. లైను మూసిన తరువాత మూసితిమని చెప్పవలెను.

ఇంటనున్నవారి మర్మము కూడ మన చేతిలోనున్నది. రోగి తన వ్యాధినిగూర్చి, తల్లి తన బిడ్డనుగూర్చి ప్రార్థన కోరునప్పుడు గుడిమీది హారనులు ఆగియుండవలెను. గుడిలోనివారికి చెప్పిన దుఃఖము ఊరి బజారులో వినబడరాదు. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బయటి లౌడ్ స్పీకర్లు వాడరాదని 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమములు కూడ చెప్పుచున్నవి. వారి అనుమతి లేనిదే వారి మాట రికార్డు చేయరాదు. సహోదరుల మధ్య తప్పును ఒంటరిగా మాటలాడి సరిచేయవలెనని మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు నేర్పిన విషయములు ఈ లైనుమీద నడుపవలసినవి కావు.

కపెర్నహూములో నలుగురు మనుష్యులు పక్షవాయువు గలవానిని ప్రభువునొద్దకు తేలేక ఇంటి కప్పు విప్పిరి. వారు కప్పులో కన్నము చేసి ఊరకుండలేదు. పరుపు నాలుగు మూలలు పట్టుకొని మెల్లగా దించిరి. తీగె వేయించుట కన్నము చేయుట వంటిది. దూరమున నున్నవారు తడబడక, సిగ్గుపడక, సమానముగా మాటలాడునట్లు చూచుట పరుపు పట్టుకొనుట వంటిది. రెండవది చేయనియెడల మొదటిది వారికి గాయము చేయును.

7. ఏలీ తన మాట మార్చుకొనెను

హన్నా జవాబు చెప్పగా ఏలీ వినెను. విని, తన గద్దింపును విడిచి, సమాధానముతో వెళ్లుమని ఆమెను దీవించెను. పెద్దవాడు, యాజకుడు, సామాన్య స్త్రీ యెదుట తన తీర్పు మార్చుకొనుటకు సిగ్గుపడలేదు. ఇది ఏలీ చరిత్రలో మంచి ఘడియ.

మేము వైరును ఆక్స్‌నకు మార్చి, ఒక మైకు తీసివేసి, బాక్సులను వెనుక గోడకు జరిపి, ఒక యౌవనస్థుని పంపి లెక్కింపజేసి పరీక్షించితిమి. మరుసటి నెల సభలో సమాధుల తోట విషయమును మరల తీసితిమి. సహోదరి ఆ మూలను పాతిపెట్టబడిన పసిబిడ్డల తలిదండ్రుల పేర్లు ఒకటొకటిగా చెప్పెను. వారికి రాళ్లు పెట్టించు శక్తి ఆనాడు ఎవరికిని లేదనెను. ఒక్కసారియు తడబడలేదు. ఆ బిడ్డల తోబుట్టువులు ఇద్దరు ఆ గదిలోనే పెద్దలుగా కూర్చుండియుండిరి. కౌలు మాట ఆనాటితో ఆగిపోయెను.

అప్పుడు ముందు సభలో ఆ కఠినమైన మాట పలికిన పెద్ద లేచి, "అమ్మగారూ, లైను తెరిచి ఉండగానే మిమ్మల్ని అన్నాను. లైను తెరిచి ఉండగానే క్షమించమని అడుగుతున్నాను" అనిరి. కొంతసేపు ఫోనులో మాట రాలేదు. లైను తెగినదేమోయని మేము చూచుచుండగా, "అలాగే బాబూ, ప్రార్థన చేసుకుందాం" అని ఆమె స్వరము వినబడెను.

కావున ప్రియులారా, మీ సంఘములో ఎవరైనను తడబడి మాటలాడినప్పుడు, వారి మతినిగూర్చి గాని భక్తినిగూర్చి గాని తలంచుటకు ముందు, వారికి మీరు వేసిన దారిని పరీక్షించుడి. అవతలి కొనకు వెళ్లి, మీ చెవి అచ్చట పెట్టి వినుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఏలీ హన్నానుగూర్చి తప్పుగా తలంచుటకు కారణమేమి? మనము ఎవరినిగూర్చి అట్లు తలంచియున్నాము?

2. ఇంటనున్నవారికి "వారి మాట తప్ప తక్కినదంతయు" ఎందుకు పంపవలెను? మిక్సరులో అది ఎట్లు చేయుదురు?

3. ఆంప్లిఫయరు ఆపి చేయు పరీక్ష వలన ఏమి తెలియును?

4. మన సంఘములో ఆరాధనకు రాలేనివారు ఎందరు? వారిలో సంఘముతో మాటలాడుటకు వీలు గలవారు ఎందరు?

5. లైను తెరచియున్నదని ప్రకటించు బాధ్యత మన సంఘములో ఎవరికి అప్పగింపవలెను?

ప్రార్థన

మూగ ప్రార్థనను విను తండ్రీ, మేము వినకయే తీర్చిన తీర్పులను క్షమించుము. మంచముమీదనున్న నీ బిడ్డలకు సంఘములో వారి స్థానమును మేము కాపాడునట్లు మాకు ఓర్పుగల చెవులను దయచేయుము. మా చేతి పనిని స్థిరపరచుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.